అర్ధవాహకాల విపణి – ఉత్థాన పతనాలు

నల్లమల అంచున ఉన్న అచ్చంపేటలో యాసంగి పంట చేతికి వచ్చే రోజులలో వ్యవసాయ మార్కెట్ యార్డు పల్లికాయ రాశులతో నిండిపోతుంది. చుట్టుపక్కల మండలాల రైతులు తెల్లవారకముందే బస్తాలతో చేరుకొంటారు. ఖరీదుదారులు రాశి నుండి గుప్పెడు కాయలు తీసి, నలిపి, గింజ నిండుదనాన్నీ తేమనూ చూసి ధర నిర్ణయిస్తారు. దడ్వాయిలు తూకం వేస్తారు. హమాలీలు బస్తాలు ఎత్తుతారు. ఆనాడు పలికిన ధర ఒక్క పూట ముచ్చటగా ముగిసిపోదు. మళ్లీ విత్తే వేళ వచ్చినప్పుడు ‘పోయినేడు పల్లికి మంచి ధర వచ్చింది గదా’ అనో, ‘పోయినేడు పల్లి ముంచింది గదా’ అనో రైతు తలచుకొనేది ఆ ధరనే. ధర బాగుంటే ఎక్కువమంది పల్లి వేస్తారు. నాలుగు నెలల తరువాత ఆ పంట అంతా ఒక్కసారిగా యార్డుకు వస్తుంది, ధర దిగుతుంది. ధర దిగిందని మరుసటి ఏడు తక్కువమంది వేస్తారు. సరుకు తగ్గి ధర ఎగబాకుతుంది. వానలు, నూనెల దిగుమతులు, వ్యాపారుల పోకడలు కూడా ధరను కదిలిస్తాయి. కాని వాటన్నిటి వెనుక ఈ విత్తడానికీ కోయడానికీ మధ్యగల ఎడం తన పని తాను చేసుకొనిపోతూనే ఉంటుంది. 2023–24లో కేంద్ర ప్రభుత్వం వేరుశనగకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 6,377 రూపాయలు. ఆ యాసంగి పంట వచ్చిన 2024 ఫిబ్రవరిలో ధర పడిపోయిందని అచ్చంపేట యార్డులోనే రైతులు ఆందోళనకు దిగారు.

ఈ పాఠం వేరుశనగను గురించినది కాదు. చేతిలోని సెల్‌ఫోనులో, కంప్యూటరులో, కారులో దాగి ఉండే చిప్పులను తయారుచేసే పరిశ్రమను గురించినది. ఆ పరిశ్రమ వాటాల ధరలు ఎందుకు అంతగా ఎగిసి అంతగా కూలుతాయి, ఆ ఎగుడుదిగుళ్లను ముందుగా పసిగట్టడం సాధ్యమా అన్నదే ఇక్కడి ప్రశ్న. అయితే యార్డులో రైతు అనుభవించే దానికీ, వేల కోట్ల డాలర్ల ఆ పరిశ్రమ అనుభవించే దానికీ మూలసూత్రం ఒక్కటే. కనుక ముందు దానిని అర్థం చేసుకొందాం.

1920ల చివర జర్మనీలో ఆర్థర్ హనావ్ అనే పరిశోధకుడు పందిమాంసం ధరలను పరిశీలించాడు. అవి కొన్నేళ్లకొకసారి క్రమంగా పెరిగి తరుగుతున్నట్లు గుర్తించాడు. ధర పెరిగిన ఏట రైతులు పందులను ఎక్కువగా పెంచనారంభిస్తారు; అవి పెరిగి సంతకు వచ్చేసరికి కాలం గడుస్తుంది; అందరివీ కలిసి వచ్చేసరికి ధర విరుగుతుంది. 1934లో నికొలస్ కాల్డార్ ఈ సంగతికి ‘సాలెగూడు సిద్ధాంతం’ అని పేరు పెట్టాడు. ధరను ఒక అక్షం మీద, సరుకు పరిమాణాన్ని మరొక అక్షం మీద గుర్తించి ఏటేటి బిందువులను కలిపితే ఆ గీత సాలెపురుగు అల్లిన గూడులా చుట్లు తిరుగుతుంది. పేరు అందుకే వచ్చింది.

ఇందులో గమనింపదగిన విషయం ఒకటి ఉంది. నిర్ణయానికీ ఫలితానికీ మధ్య ఎడం ఎంత ఎక్కువైతే చక్రం అంత పెద్దదవుతుంది. పల్లికి ఆ ఎడం నాలుగు నెలలు. నల్లగొండ జిల్లా బత్తాయికి నాలుగైదేళ్లు. ధర చూసి మొక్క నాటిన రైతుకు కాపు వచ్చేనాటికి పక్క ఊరివాడి తోట, ఆ పక్క ఊరివాడి తోట కూడా కాపునకు వస్తాయి. పల్లి రైతు మరుసటి ఏడు వేరే పంట వేసుకోగలడు. బత్తాయి రైతు అలా మార్చలేడు. పెట్టిన పెట్టుబడి నేలలో వేళ్లూని ఉంది. నష్టమైనా నీరు పెట్టి కాయలు కోయక తప్పదు. చిప్పుల కర్మాగారం బత్తాయి తోట వంటిది.

భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు అర్ధవాహకమంటే ఏమిటో తెలుసు. సిలికాన్ వంటి పదార్థం రాగివలె విద్యుత్తును ధారాళంగా ప్రవహింపనీయదు. గాజువలె పూర్తిగా అడ్డుకోదు. దానిలో తగిన మాలిన్యాలను కొద్దిగా కలిపి ప్రవాహాన్ని మన అదుపులో ఉంచుకోవచ్చు. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్ పుట్టింది. 1958లో జాక్ కిల్బీ అనేక భాగాలను ఒకే ఫలకం మీద ఇమిడ్చి సమీకృత వలయాన్ని రూపొందించాడు. తరువాతి కథ అంతా ఆ ఫలకం మీద ఇంకా ఇంకా ఎక్కువ ట్రాన్సిస్టర్లను ఇరికించే కథే. నేడు గోరంత చిప్పులో వేయి కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లు ఉంటున్నాయి.

ఇంత సూక్ష్మమైన పనిని చేసే కర్మాగారం సామాన్యమైనది కాదు. ధూళికణానికి కూడా చోటులేని గదులు కావాలి. అత్యాధునికమైన కర్మాగారం ఒక్కదాని వ్యయం వేయి కోట్ల డాలర్లను మించుతుంది. కట్టడానికి, యంత్రాలు బిగించడానికి, అవి సరిగా పనిచేసేలా సరిదిద్దుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ తరువాత కూడా ఒక సిలికాన్ బిళ్ల లోపలికి వెళ్లి వందలాది దశలు దాటి పూర్తయిన చిప్పుగా బయటికి రావడానికి సుమారు మూడు నెలలు. ఇంత ఖర్చు ముందే పెట్టి ఉంటారు గనుక, గిరాకీ లేదని యంత్రాలను ఆపితే నష్టం తగ్గదు, పెరుగుతుంది. అందువల్ల ధర పడిపోతున్నా అందరూ ఉత్పత్తిని కొనసాగిస్తారు. ధర ఇంకా పడుతుంది.

చిప్పులన్నీ ఒకే రకం కావు. ఒక సంస్థ మాత్రమే రూపకల్పన చేయగల ప్రత్యేకమైనవి కొన్ని. జ్ఞాపకశక్తి చిప్పులు అలా కావు. ఒక సంస్థ చేసినదానికీ మరొక సంస్థ చేసినదానికీ కొనేవాడి దృష్టిలో పెద్ద భేదం లేదు. ఒక రైతు పల్లికీ ఇంకొక రైతు పల్లికీ ఉన్నంత భేదమే. అందుచేత ఆటుపోట్లు అన్నిటికన్న తీవ్రంగా ఉండేది ఈ జ్ఞాపకశక్తి చిప్పులలోనే. 1985లో జపాను సంస్థల పోటీకి తట్టుకోలేక ఇంటెల్ ఈ వ్యాపారం నుండి తప్పుకొంది. జర్మనీకి చెందిన కిమోండా 2009 జనవరిలో దివాలా తీసింది. ఒకప్పుడు ఇంటెల్‌ను వెళ్లగొట్టిన జపానులో చివరికి మిగిలిన ఎల్పిడా 2012 ఫిబ్రవరిలో దివాలా తీసి, మరుసటి ఏడు అమెరికా సంస్థ మైక్రాన్ చేతిలోకి పోయింది. ఆ మైక్రాన్ కూడా 2022 ఆర్థిక సంవత్సరంలో సుమారు 870 కోట్ల డాలర్ల లాభం గడించి, 2023లో సుమారు 580 కోట్ల డాలర్ల నష్టాన్ని చవిచూసింది. ఒక్క ఏడాదిలో! 2019 నుండి మైక్రాన్‌కు హైదరాబాదులో కూడా పెద్ద కేంద్రం ఉంది. మన పిల్లలెందరో అక్కడ ఇంజనీర్లు. దూరదేశపు లెక్కలుగా కనిపించే ఈ సంఖ్యలు అలా మన ఇళ్లలోకి వస్తాయి.

ఎడం ఒక్కటే కారణమైతే ఈ చక్రం ఇంత భయంకరంగా ఉండదు. మనుషుల తొందరపాటు దానికి తోడవుతుంది. యూరియాకు కరవు వచ్చిందని వదంతి పుట్టిన ఊరిలో ఏం జరుగుతుందో గ్రామీణ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. నాలుగు బస్తాలు కావలసినవాడు ఎనిమిది అడుగుతాడు; సహకార సంఘం దగ్గర ఒకరు, దుకాణం దగ్గర ఒకరు వరుసలో నిలబడతారు. వరుసను చూసినవాడు ‘ఎంత గిరాకీ!’ అనుకొంటాడు. నిజానికి ఆ గిరాకీలో సగం నీడ మాత్రమే. చిప్పులకు కొరత వచ్చినప్పుడు కంపెనీలు చేసేది ఇదే. లక్ష చిప్పులు కావలసిన సంస్థ ముగ్గురి దగ్గర లక్ష చొప్పున ఆర్డరు పెడుతుంది. ముగ్గురూ మూడు లక్షలకు సన్నాహం చేస్తారు. కొరత తీరిన మరునాడు రెండు ఆర్డర్లు రద్దవుతాయి. 2001లో వలయజాల పరికరాలు తయారుచేసే సిస్కో సంస్థ తన గోదాములలో పేరుకుపోయిన సరుకుకు గాను 200 కోట్ల డాలర్లకు పైగా నష్టాన్ని లెక్కలో వ్రాసుకొంది. ఆ సరుకు కొన్నది దొంగలెక్కల వల్ల కాదు, నిన్నటి ఆర్డర్లను నిజమైన గిరాకీగా భావించినందువల్ల.

కరోనా కాలం దీనికి మరొక ఉదాహరణను ఇచ్చింది. 2020 వేసవిలో ఇక కార్లు ఎవరు కొంటారని కార్ల సంస్థలు చిప్పుల ఆర్డర్లను రద్దు చేసుకొన్నాయి. అదే సమయంలో ఇళ్లలో కూర్చొని చదువుకొనేవారికీ, పనిచేసేవారికీ కంప్యూటర్లు కావలసివచ్చి, కర్మాగారాలు అటు తిరిగాయి. కొద్ది నెలలకే కార్లకు గిరాకీ వచ్చింది, చిప్పులు లేవు. 2021 సెప్టెంబరులో తన ఉత్పత్తి మామూలు స్థాయిలో 40 శాతానికి పడిపోవచ్చునని మారుతి సుజుకి ప్రకటించింది. లక్షల రూపాయల కారు కొద్దిపాటి వెలచేసే చిప్పుకోసం ఆగిపోయింది. అప్పుడు అందరూ భయపడి అవసరానికి మించి తెప్పించుకొన్నారు. 2023 నాటికి గోదాములు నిండిపోయాయి.

ఇప్పుడు కొన్ని అంకెలను వరుసగా చూద్దాం. ప్రపంచ చిప్పుల అమ్మకాలు 2000లో సుమారు 20,400 కోట్ల డాలర్లు. 2001లో అవి 13,900 కోట్లకు పడిపోయాయి. మూడింట ఒక వంతు ఒక్క ఏడాదిలో తుడిచిపెట్టుకొని పోయింది. 2018లో 46,900 కోట్లు. 2019లో 41,200 కోట్లు. 2022లో 57,400 కోట్లు. 2023లో 52,700 కోట్లు. 2024లో 62,700 కోట్లు. దీర్ఘకాలంలో చూస్తే గీత పైకే పోతున్నది. అయితే మెట్లెక్కినట్లుగా కాక, కోతి కొమ్మ నుండి కొమ్మకు దూకినట్లుగా పోతున్నది. మూడు నాలుగేళ్లకొకసారి జారుడు తప్పడం లేదు. పాత సంస్కృత కవులకు ఇష్టమైన ఘటీయంత్రం గుర్తుకు వస్తుంది. చక్రానికి కట్టిన కుండలలో నిండినది పైకి వస్తుంది, ఒలికి ఖాళీ అయి కిందికి పోతుంది; ‘కలిమిలేములు కావడి కుండలు’ అనే మన సామెత కన్న ఆ ఉపమానమే ఇక్కడ అతుకుతుంది. కావడి కుండలు రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఇక్కడ ఒకదాని వెనుక ఒకటి వస్తాయి.

అమ్మకాలు ఇలా కదిలితే వాటాల ధరలు కూడా ఇలాగే కదులుతాయని ఎవరికైనా తోస్తుంది. వాటాల విపణిలో డబ్బు పోగొట్టుకొన్నవారిలో చాలామంది తడబడేది ఇక్కడే. అమెరికాలో చిప్పుల సంస్థల వాటాలను కలిపి లెక్కించే ఫిలడెల్ఫియా సెమికండక్టర్ సూచీ 1993 నుండి ఉంది. 2019లో చిప్పుల అమ్మకాలు సుమారు 12 శాతం తగ్గాయి. ఆ ఏడాది ఈ సూచీ సుమారు 60 శాతం పెరిగింది. 2022లో అమ్మకాలు అప్పటివరకు ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరాయి. సూచీ మూడింట ఒక వంతుకు మించి కూలింది. 2023లో అమ్మకాలు తగ్గాయి. సూచీ 65 శాతం దాకా పెరిగింది. అమ్మకం ఒక దిక్కుకు, వాటా మరొక దిక్కుకు! ఇది వింతగా కనిపిస్తుంది గాని వింత కాదు. వాటా కొనేవాడు ఈనాటి లాభాన్ని కొనడం లేదు, రాబోయే లాభాన్ని కొంటున్నాడు. పైరు పచ్చగా ఉన్నప్పుడే పంటను చూసి బేరమాడే వ్యాపారి వంటివాడతడు. గోదాములు నిండుతున్నాయని తెలిసిన క్షణంలో, లాభాలు ఇంకా శిఖరం మీద ఉండగానే వాటాను అమ్మేస్తాడు. అందరూ బెంగపడి ఉన్నప్పుడు, ‘ఇంతకన్న చెడడానికి ఏమీ మిగలలేదు’ అని కొంటాడు.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. దానిని చిన్న లెక్కతో చూపవచ్చు. ఒక చిప్పుల సంస్థ వాటా ధర 100 రూపాయలు, ఏడాదికి ఆ వాటా మీద వచ్చే లాభం 20 రూపాయలు అనుకొందాం. లాభానికి ఐదింతల ధరే గదా, చౌక అనిపిస్తుంది. మరుసటి ఏడు చిప్పుల ధరలు కూలి లాభం 2 రూపాయలకు దిగింది. వాటా ధర 60కి పడినా అది లాభానికి ముప్పై ఇంతలు. ఇప్పుడు ఖరీదైనదిగా కనిపిస్తుంది. మామూలు వ్యాపారాలలో చౌకకు గుర్తు అయినది ఈ పరిశ్రమలో ప్రమాదానికి గుర్తు కావచ్చు. ఖరీదుగా కనిపించేది చవక కావచ్చు. సామాన్య మదుపరి శిఖరం దగ్గర చౌక అని కొని, అడుగున ఖరీదని అమ్ముతాడు.

పతనాలు ఎంత లోతుగా ఉంటాయో కూడా చూడాలి. 2000 మార్చిలో 1,300ను దాటిన ఆ సూచీ 2002 అక్టోబరులో సుమారు 210 దగ్గర నిలిచింది. వంద రూపాయలు పెట్టినవాడికి మిగిలింది పదహారు. తిరిగి ఆ పాత శిఖరాన్ని అందుకోవడానికి సూచీకి 2018 వరకు పట్టింది. 2000 మార్చిలో కొన్నప్పుడు పుట్టిన బిడ్డ 2018లో ఇంటర్మీడియట్ పూర్తిచేసి ఉంటుంది. ఒక్కొక్క సంస్థ కథ ఇంకా కఠినం. 2000 ఆగస్టులో ఇంటెల్ వాటా చేరిన శిఖరాన్ని అది తరువాతి 25 ఏళ్లలో మళ్లీ తాకలేదు. ఆ కాలమంతా ప్రపంచంలోని కంప్యూటర్లలో అధిక భాగం ఇంటెల్ చిప్పులతో నడిచినవే. పరిశ్రమ ఎదగడం వేరు, వాటా ఎదగడం వేరు.

మరి దీనిని ముందుగా చెప్పగలమా? మన పంచాంగంలో నవనాయకులలో ఒకరికి అర్ఘాధిపతి అని పేరు. అర్ఘమంటే వెల. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఆ ఏటి వెలలను గురించి విని తలలూపడం మనకు తరతరాల అలవాటు. చిప్పుల పరిశ్రమకు కూడా అర్ఘాధిపతులు అనేకులు ఉన్నారు. వాళ్లు గ్రహాలకు బదులు కొన్ని గుర్తులను చూస్తారు. ఆ గుర్తులు నిరాధారమైనవి కావు.

ఒకటి, నిల్వలు. కంపెనీలు మూడు నెలలకొకసారి తమ లెక్కలను ప్రకటిస్తాయి. అమ్మకానికి ఎన్ని రోజులకు సరిపడే సరుకు గోదాములో ఉందో వాటి నుండి తెలుస్తుంది. అమ్మకాలకన్న వేగంగా నిల్వ పెరుగుతున్నదంటే మబ్బు పట్టినట్లే. రెండవది, జ్ఞాపకశక్తి చిప్పుల ధర. ఇది యార్డులోని ధర వలె రోజురోజుకూ తెలుస్తుంది. మూడవది, దక్షిణ కొరియా ఎగుమతులు. ఆ దేశం ప్రతినెలా మొదటి 20 రోజుల ఎగుమతుల లెక్కను నెల ముగియకముందే ప్రకటిస్తుంది. అందులో చిప్పులది పెద్ద వాటా గనుక, ప్రపంచానికంతటికీ అది నాడి వంటిది. నాలుగవది అన్నిటికన్న ముఖ్యమని నా అభిప్రాయం: కొత్త కర్మాగారాల మీద పెడుతున్న పెట్టుబడి. అందరూ ఒకేసారి పునాదులు తవ్వుతున్నారంటే రెండు మూడేళ్ల తరువాత సరుకు వెల్లువెత్తుతుందని చెప్పడానికి దివ్యదృష్టి అక్కరలేదు. వేసవి చివర విత్తనాల దుకాణం దగ్గర గంటసేపు నిలబడినవాడికి ఆ ఏటి పంటను గురించి ఎంత తెలుస్తుందో, యంత్రాలు అమ్మే సంస్థల ఆర్డర్ల పుస్తకం చూసినవాడికి చిప్పులను గురించి అంత తెలుస్తుంది.

ఇన్ని గుర్తులు ఉండగా ఎందుకు తప్పుతున్నారు? ఆ గుర్తులు అందరికీ ఒకేసారి తెలుస్తాయి గనుక. కొరియా లెక్క వెలువడిన నిమిషంలోనే ప్రపంచంలోని వేలాది మదుపరులు దానిని చదువుతారు. వాటా ధర ఆ నిమిషంలోనే మారిపోతుంది. తీరుబడిగా సాయంత్రం చదివినవాడికి మిగిలేది చల్లారిన వార్త. ఇంతకన్న లోతైన కారణం ఇంకొకటి ఉంది. రేపు వాన వస్తుందని చెప్పినందువల్ల మేఘం దారి మార్చుకోదు. కాని రేపు ధర పడుతుందని అందరూ నమ్మితే ఈరోజే అమ్ముతారు. ధర ఈరోజే పడుతుంది. అప్పుడు జోస్యం తేదీ తప్పుతుంది. ధర తగ్గుతుందని తెలిసి కర్మాగారాలు ముందే ఉత్పత్తిని తగ్గించుకొంటే పతనం రాకనే పోవచ్చు. అప్పుడు జోస్యమే తప్పుతుంది. అంచనా వేసేవాడు చక్రానికి బయట కూర్చొని లేడు, తానూ ఒక కుండే. అందువల్ల ఈ చక్రం తిరుగుతుందని చెప్పడం సులభం. అది ఏ నెలలో మలుపు తీసుకొంటుందో నిలకడగా చెప్పినవారు లేరు. ఈ రెండింటి మధ్య తేడా చిన్నదేమీ కాదు. పతనం తప్పదని రెండేళ్లు ముందుగా గ్రహించి వాటాలు అమ్మినవాడు, ఆ రెండేళ్లూ అవి రెట్టింపు కావడాన్ని చూస్తూ కూర్చోవచ్చు. చాలామంది అలా చూడలేక చివరి నెలలో మళ్లీ కొంటారు.

వాటాల ధరలు ఏ రోజు ఎటు కదులుతాయో పందెం కాసే లావాదేవీలు మనదేశంలో ఈ మధ్య చిన్న పట్టణాలకు కూడా పాకాయి. సెల్‌ఫోను ఉంటే చాలు. 2024 సెప్టెంబరులో సెబీ ఒక అధ్యయనాన్ని ప్రకటించింది. 2021–22 నుండి 2023–24 వరకు మూడేళ్లలో ఇటువంటి ఫ్యూచర్స్, ఆప్షన్స్ లావాదేవీలు చేసిన కోటిమందికి పైగా వ్యక్తులలో 93 శాతం మందికి నష్టమే మిగిలింది. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు. ఆ 93 మందిలో ఎవరూ తెలివితక్కువవారని అనుకోనక్కరలేదు.

ఇక మన నేల మీద ఈ చక్రం వదిలిన గుర్తును చూద్దాం. అచ్చంపేట నుండి హైదరాబాదుకు శ్రీశైలం రహదారి మీద బస్సులో వెళ్లేవారు నగరం సమీపించేటప్పుడు తుక్కుగూడను దాటుతారు. దానికి చేరువలోనే రావిర్యాల. 2005–06లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్కడ సుమారు 1,200 ఎకరాలలో ‘ఫ్యాబ్ సిటీ’ నిర్మించాలని తలపెట్టింది. సెమ్‌ఇండియా అనే సంస్థ 300 కోట్ల డాలర్లతో చిప్పుల కర్మాగారం నెలకొల్పుతుందని, అమెరికాకు చెందిన ఏఎమ్‌డీ సాంకేతిక సహాయం ఇస్తుందని ఒప్పందాలు కుదిరాయి. పత్రికలు పొగిడాయి; చుట్టుపక్కల భూముల ధరలు ఆకాశానికి ఎగిశాయి. కేంద్రం ఈ పరిశ్రమకు రాయితీల విధానాన్ని ప్రకటించేసరికి 2007 వచ్చింది. పెట్టుబడి సమకూరలేదు. ఇంతలో 2008–09 మాంద్యం వచ్చిపడింది. కిమోండా వంటి పెద్ద సంస్థలే మునిగిపోతున్న వేళ కొత్త కర్మాగారానికి అప్పు ఇచ్చేదెవరు? చిప్పుల కర్మాగారం రాలేదు. ఆ స్థలంలో సౌరవిద్యుత్ ఫలకాల సంస్థలు, తరువాత ఇతర ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలు వెలిశాయి. ఈ వైఫల్యానికి పాలకుల జాప్యమే కారణమని కొందరంటారు. అందులో సత్యం లేకపోలేదు. కాని వెల్లువ వేళ కన్న కలకు రూపం వచ్చేలోగా కరవు రావడం ఈ పరిశ్రమలో ప్రపంచమంతటా జరిగినదే.

కర్మాగారం రాకపోయినా రూపకల్పన వచ్చింది. చిప్పును సొంతంగా తయారుచేయకుండా దాని నమూనాను మాత్రం గీసి ఇచ్చే సంస్థలకు వేల కోట్ల యంత్రాలు అక్కరలేదు. చదువుకొన్న ఇంజనీర్లు చాలు. 1999లో హైదరాబాదులో మొదలైన మాస్‌చిప్ అటువంటిదే; 2001లో దాని వాటాలు బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదయ్యాయి. 2001 అంటే ప్రపంచ చిప్పుల అమ్మకాలు మూడో వంతు కూలిన ఏడాదే! అటువంటి ముహూర్తంలో పుట్టి ఇన్నేళ్లు నిలవడం చిన్న సంగతి కాదు. ఇంటెల్, ఏఎమ్‌డీ, క్వాల్‌కామ్ వంటి విదేశీ సంస్థలు కూడా నగరంలో రూపకల్పన కేంద్రాలను నడుపుతున్నాయి.

విద్యార్థులకు ఈ చక్రంతో మరింత దగ్గరి సంబంధం ఉంది. 1976లో రిచర్డ్ ఫ్రీమన్ అనే అమెరికా ఆర్థికవేత్త ఇంజనీర్ల ప్రారంభ వేతనాలను పరిశీలించి, అవి కూడా సాలెగూడు వలెనే తిరుగుతున్నాయని చూపాడు. జీతాలు బాగున్న ఏడాది ఎక్కువమంది ఆ చదువులో చేరతారు. నాలుగేళ్ల తరువాత అందరూ కలిసి పట్టాలతో బయటికి వస్తారు, ఉద్యోగాలు చాలవు, జీతాలు తగ్గుతాయి. ఆ సంగతి చూసి కొత్తవారు చేరడం మానుకొంటారు. మరి నాలుగేళ్లకు ఇంజనీర్లకు కొరత. ఇది మన దగ్గర జరగలేదా? 2001–02లో అమెరికాలో కొలువులు పోగొట్టుకొని మన యువకులు అనేకులు తిరిగివచ్చారు. కంప్యూటరు చదువు పని అయిపోయిందని ఊరూరా చెప్పుకొన్నారు. ఆ మాట విని ఆ ఏడాది కంప్యూటర్ సైన్సు సీటు వదులుకొన్న విద్యార్థి పట్టా పుచ్చుకొనేది 2006లో. అప్పటికి హైదరాబాదు సాఫ్ట్‌వేరు సంస్థలు మనుషులకోసం వెతుక్కొంటున్నాయి. ఇంటర్మీడియట్ పూర్తికాగానే కౌన్సెలింగులో ఏ శాఖ కోరుకోవాలని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడేటప్పుడు, అందరూ చూసేది ఈ ఏటి ప్లేస్‌మెంట్లనే. యార్డులో నిన్నటి ధర చూసి విత్తినట్లే. ఈ ఏటి ధరకు ఆ పట్టాను అమ్మబోవడం లేదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఎలక్ట్రానిక్స్ అంటే ఇష్టమున్న పిల్లవాడిని ఆ ఏడాది కొలువులు తక్కువ వచ్చాయని మరొక శాఖలో చేర్చడం కన్న అన్యాయమైన అంచనా ఉండదు.

ఇప్పుడు మళ్లీ వెల్లువ కాలం. 2022 చివర కృత్రిమ మేధ సంభాషణా యంత్రాలు వెలువడినప్పటి నుండి, వాటిని నడిపే చిప్పులకు గిరాకీ అనూహ్యంగా పెరిగింది. ఎన్‌విడియా వాటా 2022లో సగానికి మించి పడి, తరువాత రెండేళ్లలో ఎన్నో రెట్లు ఎగిసింది. ఈసారి గిరాకీ వేరు, ఈసారి చక్రం తిరగదని చెప్పేవారు ఉన్నారు. 2000లో అంతర్జాలాన్ని గురించి కూడా అదే అన్నారు. అంతర్జాలం విషయంలో వారి మాట నిజమైంది, వాటాల విషయంలో కాలేదు. మరోవైపు ప్రభుత్వాలు కూడా విత్తుతున్నాయి. 2021 డిసెంబరులో భారత ప్రభుత్వం ఈ పరిశ్రమకు 76,000 కోట్ల రూపాయల పథకాన్ని ప్రకటించింది. 2023లో గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ పని మొదలుపెట్టింది; 2024 ఫిబ్రవరిలో ధోలేరాలో టాటా సంస్థ కర్మాగారానికి, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిప్పుల కూర్పు కేంద్రానికి అనుమతులు వచ్చాయి. అమెరికాలోని ఆరిజోనాలో, జపానులోని కుమమోటోలో, జర్మనీలోని డ్రెస్డెన్‌లో కూడా ఇదే కాలంలో పునాదులు పడ్డాయి. దేశాలన్నీ ఒకే ఋతువులో దుక్కి దున్నాయి. ఈ ఏడాది పునాది పడిన కర్మాగారం నుండి తొలి చిప్పులు విపణికి వచ్చేనాటికి, ఈ పాఠం చదువుతున్న విద్యార్థి ఇంజనీరింగు రెండో సంవత్సరంలోనో మూడో సంవత్సరంలోనో ఉంటాడు.